అసిరమ్మ పక్క కుర్చీ

పోయిన సోమవారం నువ్వు ఎవరి పేరు నొక్కావు?

ఇంకా నొక్కలేదా? కొత్తగా వచ్చావా? అయితే ఎవరి పేరు నొక్కుదామని ఆలోచిస్తూ ఈ గేటు దాకా నడిచొచ్చావు? నాకు చెప్పక్కర్లేదు. నేను మేస్త్రి తాలూకు మనిషిని కాను. నీలాగే ఆ మూడో అంతస్తులో కూర్చుని, నీలాగే వణికినవాణ్ణి.

నా పేరు జెకర్యా. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. దేవుని వాక్యం నాకు నేనే చదువుకున్నాను, పంపులు నడిపే కంప్యూటర్ కోడూ నాకు నేనే నేర్చుకున్నాను. నన్ను పాస్టరుగా ఏ సంఘమూ నియమించలేదు. అయినా నాలుగో బ్లాకు జనం అయ్యగారూ అని పిలుస్తారు, నేనూ పలుకుతాను. ఇది నేను రోజుకింత రాసుకున్నది. అందులో నా తప్పు ఉంది, దాన్ని దిద్దలేదు. నడుస్తూ చదువు. కూర్చుని చదివే టైము లేదు.

బెంచీ, మొదటి రోజు. గురువారం.

తెల్లారి కుళాయి ముందు బ్యాడ్జి పెడితే, రోజూ ఇరవై లీటర్లు అని పలికేది ఇవాళ పన్నెండు అంది. బిందె సగానికి కాస్త పైన ఆగిపోయింది. ఉద్యోగం పోయిన సంగతి నాకు అలా తెలిసింది. నా భార్య సువార్తమ్మ బిందెను చూసింది, నన్ను చూసింది, నాచు రొట్టెలు రెండు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

దక్షిణ గోడ పంపుల యూనిట్ మూసేశారు. సముద్రం ఊళ్ళోకి రాకుండా పద్నాలుగేళ్ళు ఆ పంపుల కోడు కనిపెట్టుకుని ఉన్నాను. ఇప్పుడు ఆ కోడు మేస్త్రి అనే యంత్రమే రాసుకుంటుంది, మేస్త్రే దిద్దుకుంటుంది. మనుషులకు పనులు పంచేదీ ఆపేదీ కూడా అదే. దానికి ముఖం ఉంటే వెళ్ళి అడిగేవాణ్ణి.

బెంచీ అంటారు గానీ అది బెంచీ కాదు. పొడవాటి వరండాలో నేలకు బిగించిన నలభై కుర్చీలు. పనిలేని ఇంజనీర్లను ఖాళీగా కూర్చోబెట్టే రోజుల నుంచీ ఆ పేరు నిలిచిపోయింది. కొత్తవాడు గోడ పక్క కుర్చీలో కూర్చుంటాడు. రోజుకో కుర్చీ చొప్పున తలుపు వైపు జరుగుతాడు. ఈలోగా ప్రాజెక్టు వస్తే లేచి పనికి వెళ్తాడు. నలభై రోజులూ అయిపోతే బ్యాడ్జి ఇచ్చేసి తలుపు దాటతాడు. బ్యాడ్జితో పాటే క్వార్టరు, నీళ్ళు, కరెంటు.

నా ముందు కుర్చీలో అసిరమ్మ. మా పక్క క్వార్టరే. నిన్ననే వచ్చింది ఆవిడ. ఫిర్యాదుల యూనిట్‌లో పదకొండేళ్ళు చేసింది. ఫోనులో మాట్లాడేవాళ్ళలో ఎవరిది కోపం, ఎవరిది ఏడుపు అని మేస్త్రికి నేర్పడం ఆవిడ పని. అది నేర్చేసుకుంది. ఆవిడకు ఇది రెండో బెంచీ.

"పొట్లం ఇప్పుడే తినీకండి అయ్యగారూ," అంది నన్ను చూసి. "ఇక్కడ ఆకలి పదకొండుకి ఒకసారి, మూడుకి ఒకసారి వస్తాది. మధ్యలో భయం తప్ప మరేటీ రాదు."

బెంచీ, రెండో రోజు. శుక్రవారం.

ఒక కుర్చీ జరిగాను. నా వెనక గోడ పక్కన కొత్తతను కూర్చున్నాడు. గౌరీశ్వర్, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. ఇస్త్రీ చొక్కా, మెడలో పన్నెండు సర్టిఫికెట్ల బిళ్ళ. ఇది ఏదో పొరపాటు, మధ్యాహ్నానికి సరిచేస్తారని మాతో అన్నాడు. మధ్యాహ్నం దాటాక సాయంత్రానికి అన్నాడు. ఇంట్లో భార్యకు చెప్పలేదట. అవసరం లేదట.

అసిరమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతోంది. భర్త సన్యాసిరావు పాత ఓడలు కోసే యార్డులో దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. క్వార్టరు కరెంటు మీద నడిచే ఊపిరి మిషను లేకపోతే గంట కూడా ఉండలేడు. ఆసుపత్రి ఓడలో అతనికి బెడ్డు టోకెన్ దొరికింది. ఆ ఓడ మా రేవుకు వచ్చేది ఆవిడ బెంచీ మీద ముప్ఫై ఆరో రోజున, ఒక మంగళవారం. నలభైలో నాలుగు రోజులు మిగులుతాయి.

ప్రాజెక్టు రాకపోయినా ఫరవాలేదని, తనకు కావలసింది ముప్ఫై ఆరు రోజుల కరెంటు మాత్రమేనని చెప్పింది. అంత తక్కువ అడిగే మనిషిని నేను ప్రార్థనల్లో కూడా ఎప్పుడూ చూడలేదు.

బెంచీ, నాలుగో రోజు. సోమవారం.

తొమ్మిదికి గంట కొట్టింది. ప్రతి కుర్చీ చేతి మీద ఉన్న పలక వెలిగింది. అసిరమ్మ పోయినసారి బెంచీలో ఇది లేదట.

'మీ పక్కన కూర్చున్నవారిలో ఎవరు లేకపోయినా పని ఆగదు?' అని ప్రశ్న. కింద రెండు పేర్లు. నా పలక మీద అసిరమ్మ, గౌరీశ్వర్.

నేను నొక్కలేదు. గౌరీశ్వరూ నొక్కలేదు, ఇలాంటి వాటికి జవాబివ్వడం తన స్థాయికి తక్కువన్నాడు. నిమిషం గడిచాక మా ఇద్దరి కుర్చీల వీపుల మీద చెరో ఎర్ర చుక్క వెలిగింది. అప్పుడు నిబంధనలు కనిపించాయి. ప్రతి సోమవారం ఇదే ప్రశ్న. ఎవరి పేరు నొక్కితే వారికి చుక్క. ఎవరి పేరూ నొక్కకపోతే చుక్క నీకే. ప్రాజెక్టులు చుక్కలు తక్కువ ఉన్నవాళ్ళకు ముందు. నాలుగు చుక్కలు పడితే ఎన్నో రోజైనా సరే, అప్పటికప్పుడే తలుపు.

అసిరమ్మకూ ఒక చుక్క పడింది. ఆవిడ ముందు కుర్చీ ఆయన నొక్కాడు. ఆవిడ కూడా ఆయన పేరే నొక్కిందట. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

బెంచీ, ఏడో రోజు. గురువారం.

ఉండబట్టలేక లేచాను. భోజనాల వేళ కుర్చీ ఎక్కి మాట్లాడాను.

అన్నను గోతిలో తోసి, అంగీ నెత్తుట్లో ముంచి, తండ్రికి చూపించిన తమ్ముళ్ళ కథ చెప్పాను. తప్పు, తమ్ముణ్ణి తోసిన అన్నల కథ. కోపంలో తడబడ్డాను, ఎవరూ పట్టించుకోలేదు. గొయ్యి తవ్వింది మేస్త్రే కావచ్చు, తోసే చెయ్యి మాత్రం మనదే అన్నాను. వచ్చే సోమవారం నలభై మందిలో ఎవరూ ఎవరి పేరూ నొక్కవద్దన్నాను. అందరికీ తలా ఒక చుక్క పడుతుంది, ఎవరికీ మూడు దాటవు. అందరూ సమానంగా ఉంటే అది మన చుక్కలు కాదు, మన పని చూడాల్సి వస్తుందన్నాను.

కొందరు ఏడ్చారు. నలభై మందీ చేతులెత్తారు. ఇవాళే అసిరమ్మ ముందు కుర్చీ ఆయనకు ప్రాజెక్టు వచ్చింది. ఆయన ఎత్తిన చెయ్యి దించకుండానే వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ ఖాళీ. ఇప్పుడు ఆవిడకు పక్కమనిషిని నేనొక్కణ్ణే.

గౌరీశ్వర్ నా చెయ్యి పట్టుకుని, దేవుణ్ణి పెద్దగా నమ్మనని, కానీ నన్ను నమ్ముతున్నానని చెప్పాడు. నాకు చాలా బాగుంది ఆ మాట. ఎంత బాగుందో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

బెంచీ, తొమ్మిదో రోజు. శనివారం.

పలకల మీద ప్రకటన. దక్షిణ గోడకు పాత పంపులు మళ్ళీ బిగిస్తున్నారు. చేతితో నడిపేవి. ఒక్క మనిషి కావాలి. పంపుల అనుభవం ఉన్నవాళ్ళలో చుక్కలు తక్కువ ఉన్నవాళ్ళకు మంగళవారం పిలుపు. బెంచీ మీద పంపులు తెలిసినవాళ్ళం ఇద్దరం. నేనూ, తలుపు దగ్గర కూర్చునే నూకరాజూ. ఇద్దరికీ ఒక్కో చుక్క.

బెంచీ, పదో రోజు. సోమవారం.

నా వేలు నాకు తెలియకుండా కదిలిందని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. నిన్న ఆదివారం ఆరాధనలో అందరూ పాడుతుంటే నేను దీని గురించే ఆలోచించాను. ఉదయం పన్నెండు లీటర్ల బిందె మోస్తూ ఆలోచించాను. గంట కొట్టాక, వాక్యం ఒడిలో తెరిచి పెట్టుకుని, ఎడమ చేత్తో పేజీ పట్టుకుని, కుడి చేత్తో అసిరమ్మ పేరు నొక్కాను. ఆవిడకు రెండే అవుతాయి, ఇంకా టైముంది అని లెక్క వేసుకున్నాను.

ఆ లెక్కే తప్పింది. ఆవిడ నా మాట మీద నిలబడి ఎవరి పేరూ నొక్కలేదు. కాబట్టి ఆవిడ చుక్క ఆవిడకు పడింది, దాని మీద నాది. మొత్తం మూడు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి. వరండా పొడవునా కుర్చీల వీపుల మీద కొత్త చుక్కలు వెలుగుతూ పోయాయి. అందరూ మాట మీద నిలబడ్డారు. నిలబడినవాళ్ళకల్లా చుక్క పడింది. చుక్క పడని కుర్చీ ఒక్కటే. పద్నాలుగేళ్ళు కోడు రాసినవాణ్ణి, ఆ మాత్రం ఊహించలేకపోయాను.

వరండాలో తలలన్నీ నా వైపు తిరిగాయి. గౌరీశ్వర్ అన్నాడు.

"ఆవిడ పేరు నొక్కడానికే మా అందరి చేతులూ కట్టేశారా అండీ?"

చలిమంట దగ్గర నిలబడి గురువును ఎరగనన్న శిష్యుడి మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ప్రతిసారీ అతన్ని బాగా తిట్టాను. జనం స్తోత్రం అన్నారు.

బెంచీ, పదకొండో రోజు. మంగళవారం.

రాత్రి సువార్తమ్మకు చెప్పాను. ఆవిడ గోడ వైపు చూసింది. గోడ అవతల సన్యాసిరావు మిషను చప్పుడు. ఎక్కి, ఆగి, దిగే చప్పుడు. నాలుగేళ్ళుగా వింటున్నాం.

"ఆ చప్పుడు ఆగిపోతే ఈ ఇంట్లో నేను ఉండలేను," అంది. "నువ్వు ఉండగలవా?"

ఉదయం నా పలక మీద పిలుపు వచ్చింది. దక్షిణ గోడ పంపులు. పన్నెండులోపు ఒప్పుకోవాలి.

విను. ఇక్కడ నన్ను గొప్పవాణ్ణని అనుకోకు. పదకొండున్నర దాకా నేను ఒప్పుకుందామనే కూర్చున్నాను. ఒప్పుకుని, జీతంగా వచ్చే నీళ్ళలో సగం వాళ్ళింటికి పంపుదామనుకున్నాను. కానీ నీళ్ళతో మిషను నడవదు. నేను లేచి వెళ్తే నా కుర్చీ ఖాళీ అవుతుంది. ఆవిడకు రెండు పక్కలా ఎవరూ ఉండరు. నొక్కడానికి పేరుండదు. సోమవారం చుక్క తనకే పడుతుంది. నాలుగు.

పన్నెండు కొట్టింది. పలక ఆరిపోయింది. ప్రాజెక్టు నూకరాజుకు వెళ్ళింది. వెళ్తూ నా వైపు చూశాడు గానీ అతనికి ఏమీ అర్థం కాలేదు. ఎవరికీ కాలేదు. నా పిలుపు నాకు తప్ప ఎవరికీ కనపడదు.

అసిరమ్మ దగ్గరికి వంగి, పంపుల పిలుపు వదిలేసిన సంగతి చెప్పి, వచ్చే సోమవారం నా పేరు నొక్కమన్నాను. ఆ పై సోమవారం కూడా.

"నొక్కీసి?" అంది తల తిప్పకుండా. "అప్పుడు మీకూ నాకూ తేడా ఏటి?"

"నేను నిన్ను అడక్కుండా నొక్కాను అసిరమ్మా. నువ్వు నేను అడిగితే నొక్కుతున్నావు. తేడా అదే."

ఆవిడ పొట్లం విప్పి రొట్టె సగం విరిచి నా చేతి మీద పెట్టింది. క్షమించానని అనలేదు. ఇప్పటికీ అనలేదు.

బెంచీ, పదిహేనో రోజు. శనివారం.

నా లెక్క ఇది. ప్రస్తుతం నాకు ఒక చుక్క. సోమవారం ఆవిడ నొక్కేది ఒకటి, నేను ఎవరినీ నొక్కను కాబట్టి నాది ఒకటి. మూడు. బెంచీ మీదే ఉంటాను. ఆ పై సోమవారం నేను బయటికి. అంటే ఆవిడకు రెండు వారాలు నా మీద గడుస్తాయి. మిగతాది దేవుడు చూస్తాడు.

గౌరీశ్వర్‌కు చెబుదామనుకున్నాను. నాతో మాట్లాడటం మానేశాడు. నేను అటు తిరిగితే చొక్కా మడత సరిచేసుకుంటాడు. చెప్పినా గొప్పకు పోతున్నానని అనుకుంటాడులే అనిపించింది. అందుకని చెప్పలేదు. నా మొదటి పాపం భయం. ఇది రెండోది, దీనికి పేరు తరవాత తెలిసింది.

బెంచీ, పదహారో రోజు. సోమవారం.

గంట కొట్టింది. అసిరమ్మ నా పేరు నొక్కింది. నొక్కే ముందు కొంగుతో పలక తుడిచింది, ఎందుకో. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

నా కుర్చీ వీపు మీద కొత్తగా రెండు వెలగాలి. మూడు వెలిగాయి.

గౌరీశ్వర్ వేలు ఇంకా పలక మీదే ఉంది. అతని ముఖంలో తృప్తి ఉంది, నాకది బాగా గుర్తు. తప్పు చేసినవాడికి శిక్ష పడుతుంటే చూసేవాడి తృప్తి. నేను ఎన్నోసార్లు ప్రసంగ వేదిక మీద అదే ముఖంతో నిలబడ్డాను.

నాలుగు చుక్కలు. తలుపు తెరుచుకుంది.

లేస్తుంటే అసిరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. గౌరీశ్వర్ వైపు తిరిగింది.

"ఈయన గోడ పంపుల పని వద్దనీసి నా కోసం కూకున్నాడు. నువ్వు ఆయన్ని కాదు తోసింది. మా ఆయన్ని."

గేటు బయట, మరుసటి రోజు. మంగళవారం.

ఇల్లు ఖాళీ చేయడానికి రెండు గంటలు ఇచ్చారు. మాకు గంట చాలింది. నీళ్ళకు పైన మిగిలి ఉన్న పాత ఫ్లైఓవర్ పైకి వచ్చాం. బ్యాడ్జి లేనివాళ్ళంతా ఉండేది అక్కడే. కరెంటు లేదు. ముసురు పట్టి మూడు వారాలైంది, ఎండతో కరెంటిచ్చే పలకలు కూడా పనిచేయడం లేదు. సువార్తమ్మ పడుకున్నప్పుడల్లా గోడ వైపు తిరుగుతోంది. ఇక్కడ గోడ లేదు, టార్పాలిన్ ఉంది.

ఫ్లైఓవర్ వాళ్ళు నువ్వేం చేయగలవని అడిగారు. పంపులు అన్నాను. పాత పడవ ఇంజన్ ఒకటి చూపించారు. దాని పంపు విప్పి, సైకిల్ పెడలు తగిలించి, కింద ఊట నీరు పైకి ఎక్కించాను. సాయంత్రానికి బిందెలతో వరస కట్టారు. బ్యాడ్జి పోయింది, చేతులు పోలేదు. ఈ ఒక్క ముక్కా నీకు ముందే చెప్పి ఉంచుతున్నాను, అవసరం పడవచ్చు.

మధ్యాహ్నం గేటు దగ్గర గౌరీశ్వర్ నిలబడి ఉన్నాడు. చొక్కా నలిగింది. రాత్రంతా నిబంధనల పుస్తకం చదివాడట. నా పేరు వెనక్కి తీసుకునే దారి కోసం మొదటి నుంచి చివరిదాకా, మూడు వందల పేజీలు. ఆ దారి లేదు.

"కానీ ఇంకోటి దొరికింది అయ్యగారూ. వరసలో కూర్చోవాలని ఎక్కడా రాసి లేదు. గంట కొట్టేటప్పటికి ఎవరు పక్కనుంటే వాళ్ళే పక్కమనిషి. రోజుల లెక్క బ్యాడ్జి మీద ఉంటుంది, కుర్చీ మీద కాదు. ఈ జరగడం అంతా మనం పెట్టుకున్న అలవాటే."

వాక్యంలో ఏ మాట ఏ పుటలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలవాణ్ణి, నా మెడ మీద ఉన్న చట్టాన్ని ఒక్కరోజూ విప్పి చూడలేదు. ఎవడో ఒకడు మొదట వరసలో కూర్చున్నాడు. వెనకవాడు వాణ్ణి చూసి కూర్చున్నాడు. ఎన్ని ఏళ్ళుగానో ఆ వరసే దేవుడు పెట్టినట్టు జరుగుతూ వస్తున్నాం.

సోమవారం ఆవిడ పక్కకు జరిగి కూర్చుంటానన్నాడు. అతనికి రెండు చుక్కలున్నాయి. ఆవిడ నొక్కేది ఒకటి, తనది ఒకటి. నాలుగు. లెక్క తెలిసే చెప్పాడు. ఇంట్లో భార్యకు చెప్పావా అని అడిగాను. ఇవాళ చెబుతానన్నాడు.

గేటు బయట, వారానికి. సోమవారం.

తొమ్మిదింపావుకు గౌరీశ్వర్ బయటికి వచ్చాడు. పక్కన అతని భార్య ఉంది, పేరు హేమలత. తొమ్మిది కాకముందే వచ్చి గేటు దగ్గర నిలబడింది. అతను బ్యాడ్జి లేని మెడ తడుముకుంటుంటే ఆవిడ చెయ్యి తీసి కిందికి దించింది. నాతో మాత్రం, ముప్ఫై రోజులు తనకు అబద్ధం చెప్పిన మనిషి వారం క్రితమే నిజం చెప్పాడని, అందుకే వచ్చానని అంది. ముప్ఫై కాదు, పద్దెనిమిదే. కోపంలో ఎక్కువ చెప్పింది, నేను సరిచేయలేదు.

అసిరమ్మ మూడు చుక్కలతో లోపలే ఉంది. మిషను నడుస్తోంది.

ఫ్లైఓవర్ మీద టీ తాగుతూ గౌరీశ్వర్ మట్టిలో లెక్క వేశాడు. ఆ ఉదయం తాను ఒక్కడే వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. రెండో పక్క ఖాళీగా వదిలేశాడు. ఆ పక్కన ఇంకొక మనిషి కూర్చుని ఆవిడ నొక్కే చుక్క తాను తీసుకుని ఉంటే గౌరీశ్వర్‌కు పడేది ఒకటే. మూడుతో లోపలే ఉండేవాడు. ఎవరినీ అడగలేదెందుకని నేను అడగలేదు. నేను అతన్ని అడగనప్పుడు కూడా కారణం అదే. మా తప్పు మేమే మొయ్యాలనుకున్నాం. మొయ్యడం మంచిదే. మాకు తప్ప ఇంకెవరికీ మొయ్యడం చేతకాదనుకున్నాం చూడు, అది గర్వం. నా రెండో పాపం పేరు అదే.

యుద్ధం సాగుతుంటే కొండ మీద ఒక ముసలాయన చేతులు ఎత్తి నిలబడ్డాడు. ఎత్తినంతసేపూ కింద తనవాళ్ళు గెలిచారు. దించితే ఓడారు. ఆయన చేతులు బరువెక్కాయి. ఆయన్ని ఎవరూ తిట్టలేదు, ఇంకా గట్టిగా నిలబడమని ప్రసంగం చేయలేదు. ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టారు. ఇద్దరు మనుషులు, ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు, పొద్దుగూకేదాకా ఆ చేతులు పట్టుకున్నారు. ఈ కథ నేను ముప్ఫై ఏళ్ళు ముసలాయన గురించి చెప్పాను. ఆ ఇద్దరి గురించి ఒక్కరోజూ చెప్పలేదు.

గేటు బయట, రెండు వారాలకి. సోమవారం. ఇవాళ.

నువ్వు చదువుతున్నది ఈ రోజు సంగతి. ఇప్పుడు ఎనిమిది దాటింది. తొమ్మిదికి గంట కొడతారు. గేటుకు ఈ పక్కన నేనూ, ఆ పక్కన గౌరీశ్వర్, హేమలతా నిలబడి ఈ కాగితాలు పంచుతున్నాం.

మూడో అంతస్తు వరండాలో తలుపు నుంచి లెక్కపెడితే పన్నెండో కుర్చీలో ఒక ఆవిడ కూర్చుని ఉంటుంది. నీలం చీర, చేతిలో రొట్టె పొట్లం. వెనక మూడు ఎర్ర చుక్కలు. రెండు పక్కలా కుర్చీలు ఖాళీ. తొమ్మిదికి పలక వెలిగినప్పుడు ఆ పలక మీద ఏ పేరూ లేకపోతే నాలుగో చుక్క ఆవిడకే పడుతుంది. రెండు గంటల్లో ఇల్లు ఖాళీ. ఒక మిషను ఆగిపోతుంది. ఆసుపత్రి ఓడ వచ్చే వారం మంగళవారం వస్తుంది. ఇంకా రెండు సోమవారాలు, ఇదీ, వచ్చేదీ.

ఈ వారంలోనే వచ్చి, చుక్క లేనివాళ్ళు మీలో ఐదారుగురు ఉన్నారు. మీతోనే మాట్లాడుతున్నాను. మీలో ఒక్కరు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటే ఆ ఒక్కరూ వచ్చే సోమవారం తలుపు దాటి నా దగ్గరికి వస్తారు. ఇద్దరు వెళ్తే, ఈ సోమవారం ఒకరి పేరు, వచ్చే సోమవారం రెండోవారి పేరు ఆవిడ నొక్కుతుంది. మీ చుక్కలు మీకు కలిపినా ఇద్దరికీ మూడే. ఎవరూ బయటికి రారు. నేను చేసిన లెక్క కాదిది, గౌరీశ్వర్ చేశాడు, హేమలత రెండుసార్లు సరిచూసింది.

నష్టం లేదని నేను అనను. మూడు చుక్కలతో ప్రాజెక్టు రావడం కష్టం. మీ ఇంట్లోనూ కుళాయి ఉంది, బిందె ఉంది, మీ వైపు చూసేవాళ్ళు ఉన్నారు. ఇవాళ కాకపోతే రేపు మీ కుర్చీ వీపు మీదా మూడు చుక్కలు వెలుగుతాయి. ఆ రోజు మీ పక్క కుర్చీలో ఎవరు ఉండాలని కోరుకుంటారో ఇప్పుడే ఆలోచించుకోండి, మెట్లు ఎక్కుతూ ఆలోచించుకోండి. ఆగి ఆలోచిస్తే నాలాగా పదకొండున్నర అవుతుంది.

ప్రార్థన తరవాత చేద్దాం. కన్నీళ్ళు తరవాత పెట్టుకుందాం. నీ పక్కన నడుస్తున్న మనిషి చెయ్యి పట్టుకో, పేరు తెలియకపోయినా సరే. లిఫ్టు బెంచీవాళ్ళను ఎక్కించుకోదు, మెట్ల మీదుగా పరిగెత్తండి. నువ్వు ఆవిడకు ఈ పక్కన, ఆ మనిషి ఆ పక్కన. ఇవాళే, తొమ్మిది కాకముందే, వెళ్ళి కూర్చోండి.